మీ ఉత్తరంలో అమ్మ ఒక్కసారే కనిపించింది

ప్రశ్న: నా వయసు 44. పదకొండేళ్ల కిందట ప్రభువును అంగీకరించి బాప్తిస్మం తీసుకున్నాను. మా నాన్నగారికి 78 ఏళ్లు. గుండె బాగా బలహీనపడి మంచం దిగడం లేదు. ఆయన ఏ దేవుణ్ణీ నమ్మరు. నెలకు రెండుసార్లు వెళ్లి వాక్యం చెబుతున్నాను. నేను బైబిలు తెరవగానే ఆయన చెవిలోని వినికిడి యంత్రం తీసి పక్కన పెట్టేస్తారు. ఇకమీదట బైబిలు లేకుండా వస్తేనే రమ్మని తమ్ముడు ఖరాఖండిగా చెప్పాడు. అమ్మ విషయంలో ఎలాగూ ఆలస్యమైపోయింది. నాన్నగారు మారుమనస్సు పొందకుండా కన్నుమూస్తే నరకానికే వెళతారా? ఆయన ప్రాణం గురించి దేవుడు నన్ను విచారణ చేస్తాడా? తమ్ముడి మాట వింటే ప్రభువును ఎరుగనని చెప్పినట్టు కాదా?

జవాబు: మీ మూడో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే అది తేలికైనది. మీ తమ్ముడు క్రీస్తును అడ్డుకోవడం లేదు, రోగిని కాపాడుకుంటున్నాడు. రాత్రీ పగలూ దగ్గరుండి చూసుకుంటున్నవాడికి ఆ మాత్రం అనే హక్కు ఉంది. ఇక నాన్నగారు ఎక్కడికి వెళతారన్నది నేను చెప్పలేను, మీ పాస్టరు గారూ చెప్పలేరు. చెప్పగలమన్న వాళ్లను నేను నమ్మను.

మీ నాలుగు పేజీల ఉత్తరాన్ని ఇక్కడ కుదించి ఇచ్చాను గాని, పూర్తిగా రెండుసార్లు చదివాను. అందులో నాన్నగారి మొండితనం ఉంది, ఆయన కళ్లజోడు పెట్టెలో మీరు మడిచి పెట్టి వచ్చిన కరపత్రం ఉంది, తమ్ముడి కోపం ఉంది, మీ ఉపవాస ప్రార్థనలు ఉన్నాయి. అమ్మ గురించి విడిగా ఉన్నవి నాలుగే మాటలు. "అమ్మ విషయంలో ఎలాగూ ఆలస్యమైపోయింది." ఆ "ఎలాగూ" దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

వేరే మాటల మధ్య అక్కడక్కడా మీరే రాసిన సంగతులను పక్కపక్కన పెట్టి చూడండి. మీరు బాప్తిస్మం తీసుకున్నాక అమ్మ తొమ్మిదేళ్లు బతికే ఉన్నారు. ఆ తొమ్మిదేళ్లలో ఏడాదికి రెండు మూడుసార్లు వెళ్లారు, ఆమె నొచ్చుకుంటుందని విశ్వాసం సంగతి ఒక్క మాటా ఎత్తలేదు. రెండేళ్ల కిందట ఆమె పోయారు. ఆ వెంటనే ఒక కూటంలో యెహెజ్కేలు గ్రంథంలోని కావలివాడి మీద, అంటే ప్రమాదం వస్తే బూర ఊది జనాన్ని హెచ్చరించాల్సినవాడి మీద, ప్రసంగం విని, అది మీ గురించే చెప్పినట్టు వణికిపోయానని రాశారు. నెలకు రెండుసార్లు వెళ్లడం మొదలైంది ఆ తర్వాతే. అమ్మకు చెప్పకుండా మిగిలిపోయిన తొమ్మిదేళ్ల మాటలన్నీ ఇప్పుడు నాన్నగారి మంచం పక్కన కూర్చుని చెబుతున్నారు. బాకీ ఒకరి దగ్గర పడి, తీర్చడం ఇంకొకరి దగ్గర జరుగుతోంది. ఆయనకు ఆ సంగతి తెలియదు, మీకూ తెలుసునని నేను అనుకోను.

మీరు వాక్యాన్ని నమ్మేవారు కాబట్టి వాక్యంతోనే మాట్లాడతాను. యెహెజ్కేలు 33వ అధ్యాయంలో, హెచ్చరించని కావలివాడిని దేవుడు విచారణ చేస్తానన్న మాట దగ్గరే మీ ప్రసంగీకుడు ఆపి ఉంటే, ఆయన మీకు అన్యాయం చేశారు. తర్వాతి వచనం చదవండి. నువ్వు హెచ్చరించినా ఆ మనిషి తిరగకపోతే, నీ ప్రాణాన్ని నువ్వు దక్కించుకున్నట్టే అని అక్కడ ఉంది. మీ నాన్నగారికి మీరు చెప్పారు, రెండేళ్లుగా చెబుతూనే ఉన్నారు. ఆ గ్రంథం లెక్క ప్రకారమే చూసినా మీ పని ఎప్పుడో పూర్తయింది. అయినా ఆపలేకపోతున్నారంటే, మీరు ఊదుతున్న బూర ఆయన కోసం కాదని నాకు అనిపిస్తోంది.

"ప్రభువైన యేసునందు విశ్వాసముంచుము, అప్పుడు నీవును నీ యింటివారును రక్షణ పొందుదురు" అన్న వాక్యం చూసినప్పుడల్లా గుండె పట్టేసినట్టు అవుతోందని రాశారు. అవుతుంది మరి, "నీ యింటివారు" అన్న మాటలో ఒకరు తగ్గిపోయారని మీరు లెక్క వేసుకున్నారు కదా. కానీ అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో ఆ మాట పౌలు, సీల ఎవరితో అన్నారో చూడండి. ఫిలిప్పీ చెరసాల నాయకుడు అర్ధరాత్రి కత్తి దూసి చావబోయి, ఆగి, వణుకుతూ వచ్చి, రక్షణ పొందాలంటే ఏం చేయాలని తానే అడిగాడు. అడిగాక చెప్పారు. పేతురు తన మొదటి పత్రిక 3వ అధ్యాయంలో చెప్పిన పద్ధతీ అదే: మీలో ఉన్న నిరీక్షణకు కారణం అడిగేవారికి జవాబివ్వడానికి సిద్ధంగా ఉండండి, అదీ సాత్వికంతో. అదే అధ్యాయంలో, వాక్యానికి లోబడని భర్తల విషయంలో, నోటి మాట లేకుండా నడవడితోనే వారిని రాబట్టమని భార్యలకు చెప్పాడు. ఇంట్లోవాళ్ల దగ్గర మాట కన్నా నడవడి ఎక్కువ పలుకుతుందని ఆయనకు తెలిసి ఉండాలి. పేతురు పెళ్లయినవాడు, అత్తగారితో కలిసి ఉన్నవాడు.

సర్వసృష్టికి సువార్త ప్రకటించమన్న ఆజ్ఞను నేను తక్కువ చేయడం లేదు. అయితే నాకొక పట్టింపు ఉంది, దాచుకోను. లేచి బయటికి వెళ్లగలిగిన మనిషికి ఎంతసేపైనా చెప్పండి, నచ్చకపోతే వెళ్లిపోతాడు. మంచం దిగలేని మనిషి ఎదుట కూర్చుని నరకాగ్ని గురించి గంటసేపు చెప్పడం నాకు సమ్మతం కాదు, ఆ చెప్పేది కన్నకూతురైనా సరే. మీ నాన్నగారికి లేచి వెళ్లే దారి లేదు కాబట్టే చెవిలోది తీసి పక్కన పెడుతున్నారు. మిమ్మల్ని గదిలోంచి పంపేయమని అనకుండా, మీ మాట నుంచి మాత్రమే తప్పుకుంటున్నారు. అందులో నాకు మొండితనం కన్నా మర్యాదే ఎక్కువ కనిపించింది.

నరకం గురించి అడిగారు కాబట్టి కొంచెం చెబుతాను. దాన్ని గురించి క్రైస్తవులందరూ ఎన్నడూ ఒకే మాట మీద లేరు. అది అంతులేని యాతన అని ఎక్కువమంది నమ్మారు. చివరకు అందరూ దేవుని దగ్గరకు చేరతారని నాలుగో శతాబ్దంలోనే నిస్సా బిషప్పు గ్రెగరీ ఆశించాడు. తమ తప్పేమీ లేకుండా సువార్తను ఎరుగనివారు, మనస్సాక్షిని అనుసరించి దేవుణ్ణి వెతికితే, వారికీ రక్షణ సాధ్యమేనని కతోలిక సంఘపు రెండో వాటికన్ మహాసభ 1964లో రాసింది. మీ సంఘం దీన్ని ఒప్పుకోకపోవచ్చు, ఒప్పుకోమని నేను అడగడం లేదు. లూకా 16వ అధ్యాయం మాత్రం ఈసారి నెమ్మదిగా చదవండి. అక్కడ యాతనలో ఉన్న ధనవంతుడు తన తండ్రి ఇంటిని, అయిదుగురు అన్నదమ్ములను తలచుకుని, వారికి చెప్పడానికి, ఒకప్పుడు తన వాకిట పడి ఉండి చనిపోయిన పేదవాడు లాజరును పంపమని, అతన్ని చేర్చుకున్న అబ్రాహామును బతిమాలతాడు. అబ్రాహాము పంపడు. వినేవారికి ఉన్న లేఖనాలు చాలు, విననివారికి చచ్చి లేచినవాడు వచ్చి చెప్పినా చాలదు అంటాడు.

తర్వాత గొప్ప క్రైస్తవ గురువైన అగస్టీను తల్లి మోనిక మీలాగే కుమిలిపోయింది. కొడుకు మానీ అనే ప్రవక్త స్థాపించిన వేరే మతంలో చేరాడని ఏడ్చి, అతనితో వాదించి దారికి తెమ్మని ఒక బిషప్పును ప్రాధేయపడింది. ఆయన ఒప్పుకోలేదు. ఇప్పుడు అతను వినే స్థితిలో లేడు, వదిలెయ్, అతని కోసం ప్రార్థించు చాలు అన్నాడు. ఆమె వదలకుండా ఏడుస్తూ పట్టుబట్టేసరికి విసుక్కుని, ఇంత కన్నీటికి పుట్టిన కొడుకు నశించడులే, వెళ్లు అన్నాడు. అగస్టీను 387లో మిలానులో బాప్తిస్మం తీసుకున్నాడు. మీ నాన్నగారికీ అలాగే జరుగుతుందని చెప్పడానికి దీన్ని ఎత్తలేదు. వాదించడం మానేయమని చెప్పినవాడు కూడా బిషప్పే అని చెప్పడానికి ఎత్తాను.

ఇప్పుడు అమ్మ దగ్గరకు వస్తాను. ఆమె నశించిపోయిందని మీకు ఎవరు చెప్పారు? మీకు మీరే చెప్పుకున్నారు. సిలువ మీది దొంగకు బాప్తిస్మం లేదు, సంఘం లేదు, మిగిలినవి కొన్ని గంటలే. అయినా నేడు నాతో కూడ పరదైసులో ఉంటావని ప్రభువు అన్నాడు. ఒక మనిషి లోపల ఆఖరి గంటల్లో ఏం జరిగిందో బయటివాళ్లకు తెలియదని ఆ ఘట్టం చదివే మీకు నేను చెప్పాలా? అమ్మ పోయిన రాత్రి మీరు అక్కడ లేరు. ఉత్తరంలో ఆ సంగతి కూడా పక్కదారిన ఒక్క ముక్కలో వచ్చింది: "నేను చేరేసరికి తెల్లవారింది." ఆ రాత్రంతా గదిలో ఉన్నది ఒక్క మనిషే. ఈ రెండేళ్లలో ఆయనకు మీరు ఎన్నో చెప్పారు. ఆ రాత్రి గురించి ఒక్కసారైనా అడిగినట్టు మాత్రం ఎక్కడా రాయలేదు.

అందుకని ఈసారి బైబిలు ఇంట్లోనే పెట్టి వెళ్లండి, తమ్ముడి కోసం కాదు, మీ కోసం. కళ్లజోడు పెట్టెలోని కరపత్రం ఇంకా అక్కడే ఉంటే తీసేయండి. మందుల వేళ తెలుసుకుని మందులు మీ చేత్తో ఇవ్వండి, తమ్ముణ్ణి ఆ పూట నిద్రపోనివ్వండి. మొదట్లో నాన్నగారు అలవాటు కొద్దీ చెవిలోది తీసేయవచ్చు. మాట్లాడకుండా కూర్చోండి, తిరిగి పెట్టుకునేదాకా ఆగండి, అందుకు రెండు మూడు రాకపోకలు పట్టినా సరే. అప్పుడు, అమ్మ ఆ రాత్రి నా కోసం అడిగిందా నాన్నా, అని అడగండి.