హల్లెలూయ కోరస్ పాడబోతున్నారా?

ప్రశ్న: మా చర్చి క్వయర్‌లో 24 మందిమి. క్రిస్మస్‌కి హాండెల్ స్వరపరిచిన ‘మెస్సయ’ అనే భక్తి సంగీత రచనలోని హల్లెలూయ కోరస్ పాడాలనుకుంటున్నాం. ‘కింగ్ ఆఫ్ కింగ్స్’ దగ్గర సొప్రానోల (పై స్థాయి ఆడగొంతుల) శ్రుతి జారిపోతోంది. చివర్లో ఎవరో ఒకరు ముందే అందుకుంటున్నారు. ఏం చేయాలి?
– క్వయర్ లీడర్, గుంటూరు

జవాబు: ముందు గొంతుల పంపకం చూసుకోండి. 8 సొప్రానో, 5 ఆల్టో (కింది స్థాయి ఆడగొంతు), 5 టెనార్ (పై స్థాయి మగగొంతు), 6 బాస్ (కింది స్థాయి మగగొంతు) ఉంటే సరిపోతుంది. ‘అండ్ హి షల్ రెయిన్’ మొదట అందుకునేది బాస్‌లే. వాళ్లు తడబడితే వెనకాల టెనార్, ఆల్టో, సొప్రానో వరసగా తప్పుతాయి. అందుకే సాధన అక్కడ మొదలుపెట్టండి.

ఇక సొప్రానోల సంగతి. ఈ పాట డి మేజర్, అంటే మన రెండు శ్రుతి. ‘కింగ్ ఆఫ్ కింగ్స్’ మధ్యస్థాయి పంచమంలో మొదలై తారస్థాయి సరిగమల మీదుగా మధ్యమం దాకా మెట్టుమెట్టుగా ఎక్కుతుంది. ప్రతి మెట్టు మీదా స్వరాన్ని సాగదీసి పట్టుకోవాలి. మనవాళ్లు ‘కింగ్’ అనగానే ‘ఙ్’ మీదికి వెళ్లిపోతారు. నోరు మూసుకుంటుంది, స్వరం కుంగుతుంది. ‘ఇ’ని కొంచెం ‘ఎ’ వైపు తెరిచి, అచ్చు మీదే నిలబడి, ‘ఙ్’ని చివరి క్షణంలో పలకమనండి. పక్కపక్కన ఉన్న ఇద్దరూ ఒకేచోట ఊపిరి తీసుకోకూడదు. ఎవరెక్కడో పెన్సిల్‌తో గుర్తు పెట్టించండి. సాధనలో కీబోర్డు మెట్టు మారే చోట మాత్రమే స్వరం ఇవ్వాలి. ఎంత జారారో వాళ్ల చెవికే తెలుస్తుంది.

అప్పటికీ అందకపోతే కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ (శ్రుతి మార్చే మీట) ఒక అర మెట్టు దించండి. తప్పేమీ లేదు. ఆ కాలపు సంగీతాన్ని పాత వాద్యాలతో వాయించే బృందాలు ఇవాళ్టికీ దాదాపు అంతే తగ్గించి శ్రుతి చేసుకుంటాయి.

చివరి ‘హల్లెలూయ’కి ముందు వచ్చే నిశ్శబ్దం ఈ పాటకి ప్రాణం. వరసగా నాలుగు ‘హల్లెలూయ’లు పాడిన ఊపులో ఐదోది నోట్లోంచి జారిపోతుంది. నాలుగో దాని తర్వాత కాగితం దించి, అందరూ మీ చెయ్యి వైపే చూడాలి. మీ చెయ్యి లేచినప్పుడే ఊపిరి. ఆ చివరి ‘హల్లెలూయ’ బాగా నెమ్మదిగా సాగాలి.

ప్రశ్న: ఈ పాటకి అందరూ ఎందుకు లేచి నిలబడతారు? ఇది క్రిస్మస్ పాటేనా?
– పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: లండన్‌లో రెండో జార్జి రాజు లేచాడని, ఆయన్ని చూసి సభంతా లేచిందని చెబుతారు. కానీ చూసినవాళ్లు అప్పుడే రాసిపెట్టిన ఆధారం లేదు. ఆనవాయితీ మాత్రం నిలిచింది. భక్తితో లేస్తే లేవండి, కూర్చుని విన్నా అపచారం కాదు.

హాండెల్ 1741లో 24 రోజుల్లో ‘మెస్సయ’ రాశాడు. మొదటి ప్రదర్శన 1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లో. వసూలైన సొమ్ము అప్పుల ఖైదీల విడుదలకీ రెండు ఆసుపత్రులకీ వెళ్లింది. క్రీస్తు జననం మొదటి భాగంలో ఉంటుంది. ఈ కోరస్ రెండో భాగం చివర, శ్రమలూ పునరుత్థానమూ అయ్యాక వస్తుంది. మాటలు ప్రకటన గ్రంథం 11, 19 అధ్యాయాలవి. కనుక ఈస్టర్‌కి పాడితే ఇంకా బాగా అమరుతుంది.