కోల్‌కానన్ కథ పంపిన అమ్మాయికి

అమ్మాయ్,

ఆశీస్సులు. కథ అందింది. మొదటిసారి మూడో పేజీ దగ్గర పక్కన పడేశాను. డబ్లిన్‌లో నీ కథానాయిక అద్దెకుంటున్న ఇంటి ముసలావిడ కోల్‌కానన్, అదే ఆ ఐర్లండువాళ్ళ బంగాళాదుంప, క్యాబేజీ ముద్ద, గిన్నెతో తెచ్చి బల్ల మీద పెట్టీపెట్టగానే "అచ్చం మన ముద్దపప్పే" అన్నావు. పై పేరాలో వెన్న చూసి అమ్మమ్మ గుర్తొచ్చింది, అమ్మమ్మ వెనకాలే ఆవకాయ వచ్చింది. ఇంతకీ ఆ గిన్నెలో ఏముందమ్మా?

పోలిక పెట్టావంటే చూడ్డం మానేశావన్నమాట. ఇది నా పిచ్చి అనుకో, నలభై ఏళ్ళుగా ఇదే పట్టుకుని వేలాడుతున్నాను.

ఆ వంట నేనూ చేశాను కనక అడుగుతున్నా. ఒక చలికాలమంతా అక్కడే మా అబ్బాయి దగ్గరున్నాను. మొదటిరోజు ఉడికిన బంగాళాదుంపల్ని మిక్సీలో వేశాను. తిప్పేకొద్దీ సాగి, గోడల మీద పోస్టర్లు అంటించే మైదా జిగురులా తయారైంది. (చూశావా, నేనూ పోలిక పెట్టాను. కొట్టెయ్.) మరీ నలిపితే దుంపలోని గంజి బయటికొచ్చి బంకవుతుందట. పక్కింటావిడ నవ్వి, దగ్గరుండి నేర్పింది. కెర్స్ పింక్ లాంటి, ఉడికితే పిండిపిండిగా విచ్చుకునే రకం తెచ్చుకోవాలి. తొక్కతోనే ఉప్పునీళ్ళలో ఉడికించి, నీళ్ళు వంచేసి, అదే గిన్నెలో సన్నసెగ మీద తడి ఆరనివ్వాలి. ఆ వేడిమీదే తొక్క తీయాలి. ఆవిడ చేతిగుడ్డలో దుంపను పట్టుకుని, వేళ్ళు చుర్రుమన్నప్పుడల్లా చెయ్యి మారుస్తూ, చాకు కొసతో తొక్క లాగేది. ఒకపక్క ఉల్లికాడలు వేసిన పాలు కాగుతుండేవి. క్యాబేజీ సన్నగా తరిగి కాసిని నీళ్ళలో ఉడికించి గట్టిగా పిండేది. కిలో దుంపలకి పావులీటరు పాలు, వంద గ్రాముల వెన్న. మెదపడం చేత్తోనే. నీ కథలో ఇందులో ఒక్కటంటే ఒక్కటి లేదు. "ఘుమఘుమలాడే" మాత్రం నాలుగుసార్లుంది.

ఆ మాటంటే నాకెందుకు మంటో చెప్పనా? నా మొదటి కథలో వంటలక్క చింతపండు పులుసు కొలతలు చెబుతుంది. సంపాదకుడుగారు కొలతలన్నీ కొట్టేసి, ఘుమఘుమలు చేర్చి, మహిళల పేజీలో ముగ్గు పక్కన అచ్చేశారు. పాతిక రూపాయల పారితోషికం మనీయార్డరు చేశామన్నారు. ఇప్పటిదాకా రాలేదు! ఇప్పటివాళ్ళకేమో విదేశం కథంటే సూట్‌కేసులో ఆవకాయ జాడీ ఉండి తీరాలి. నీ జాడీ ఎవరికోసం పెట్టావో నాకు తెలుసులే.

ఇక నీ ముసలావిడ ఐర్లండు కరువు ఉపన్యాసం. 1845లో తెగులు సోకి దుంపలు మళ్ళలోనే కుళ్ళడం, పదిలక్షల మంది చావు, అంతమంది ఓడలెక్కి పోవడం అన్నీ నిజాలే. కానీ గరిట చేతిలో ఉన్నావిడ పేజీన్నర ఆగకుండా చెబుతుందా? ఆ కరువులో కూడా కార్క్ రేవు నుంచి వెన్న ఇంగ్లండుకి పోతూనే ఉంది. ఆ ఒక్క ముక్క, వెన్న కోస్తూ అననియ్యి, చాలు. పైగా ఈ వంటకం కరువులో పుట్టిందని రాశావు. 1735 అక్టోబరు 31న డబ్లిన్‌లో ఇది తిన్నానని వేల్స్ పెద్దమనిషి ఒకాయన డైరీలో రాసుకున్నాడు.

మరి రెండోసారి ఎందుకు చదివానంటావా, ఆ హాలోవీన్ పండగ రాత్రి కోసం. కోల్‌కానన్‌లో ఉంగరం, నాణెం, దర్జీవాళ్ళు వేలికి తొడుక్కునే అంగుస్తానా దాచిపెడతారు. ఉంగరం వచ్చిన పిల్లకి పెళ్ళి, నాణెం వస్తే డబ్బు, అంగుస్తానా వస్తే ఇక పెళ్ళి లేదు. నీ పిల్ల పంటికి అంగుస్తానా తగిలింది. నోరు తుడుచుకుంటున్నట్టు తీసి, జేబులో వేసుకుంది. ముసలావిడ చూసింది. "ఇంకాస్త వెన్న వెయ్యనా?" అంది. అక్కడ నేను కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాను.

దానికి ముందు, తప్పిపోయిన సంబంధాల చిట్టా విప్పావే, అది మొత్తం తీసెయ్. కథ ఆ పళ్ళెంతోనే మొదలుపెట్టు. వాళ్ళు గుట్టగా వడ్డించి, మధ్యలో గుంట చేసి, కరిగించిన వెన్న పోస్తారు. అంచు నుంచి కొంచెం కొంచెం ఫోర్కుతో తీసి వెన్నలో అద్దుకుంటూ లోపలికొస్తారు. గట్టు తెగిందా, వెన్నంతా పళ్ళెంలోకే. (అన్నంలో నెయ్యి గుంట రాయాలని నాకూ చెయ్యి దురద పెడుతోంది. రాయను.) నీ పిల్ల ఏ వైపు నుంచి తిన్నది? అంగుస్తానా అంచులో దొరికిందా, వెన్న దగ్గరా? దొరికాక పళ్ళెం ఖాళీ చేసిందా, వదిలేసిందా? నువ్వు చూసి ఉంటే చెప్పగలవు.

ఏ పత్రికకి పంపాలని అడిగావు, కలంపేరు గురించీ ఏదో అడిగావు. ముందు ఇది తిరగరాసి పంపు. ఈసారి అక్షరాలు పెద్దవి పెట్టు, శుక్లం ఆపరేషన్ సంక్రాంతి తర్వాతన్నారు.

ఉంటాను.