చవక స్నేర్‌తో గట్టి సాధన కుదురుతుందా?

ప్రశ్న: చర్చిలోనూ, పెళ్లి ఆర్కెస్ట్రాల్లోనూ డ్రమ్స్ వాయిస్తానండి. 14 అంగుళాల స్టీలు స్నేర్ (అడుగున తీగలుండే డ్రమ్ము) సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా వస్తోంది. మంచిది కొనేదాకా ఆగమంటారా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: ఆగొద్దు తమ్ముడూ. 1960ల్లో లుడ్విగ్ కంపెనీ విద్యార్థుల కోసం తెచ్చిన అల్యూమినియం స్నేర్ ఆక్రోలైట్‌ని ఇవాళ స్టూడియో డ్రమ్మర్లు వెతికి మరీ కొంటున్నారు.

చవక స్నేర్‌లో కక్కుర్తి పడేది ఎక్కువగా షెల్ (డ్రమ్ము గుండ్రటి ఒళ్లు) దగ్గర కాదు, స్ట్రెయినర్ (తీగల్ని బిగించి వదిలే లివరు), తీగలు, హెడ్ల (పైనా కిందా బిగించే పొరలు) దగ్గర. అవి తర్వాతైనా మార్చుకోవచ్చు, కాబట్టి ముందు షెల్ చూడు. హెడ్లు విప్పించి, షెల్‌ని మందపాటి గాజుబల్ల మీద బోర్లించు. గది చీకటి చేసి, లోపల టార్చి వెలిగించి పెట్టు. అంచు కింద నుంచి వెలుతురు తన్నుకొస్తే ఎంత చవకైనా వద్దను. అలాంటిది ఎప్పటికీ సరిగ్గా శ్రుతికి రాదు. తర్వాత హెడ్లు మళ్లీ బిగించి, స్ట్రెయినర్ లివర్ ఎక్కించి నాలుగు రిమ్‌షాట్లు (పుల్ల హెడ్‌కీ, అంచు రింగుకీ ఒకేసారి తగిలే దెబ్బలు) గట్టిగా కొట్టు. లివర్ జారిపోతే స్ట్రెయినర్ మార్చుకోవచ్చు, కానీ కొత్తది కొనేముందు స్క్రూ రంధ్రాల మధ్య దూరం కొలుచుకో.

మిగిలిన డబ్బుతో పైన కోటెడ్ (గరుకు పూత ఉన్న) హెడ్, కింద పలచటి స్నేర్ సైడ్ హెడ్, 20 తీగల సెట్టు వేయించు. కింద మామూలు హెడ్ బిగించి, తీగలు పలకట్లేదని వాపోయేవాళ్లని మా బరంపురంలో చాలామందిని చూశాను. బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించు. వానాకాలంలో తీగలకి తుప్పు పట్టకుండా వాయించాక పొడిగుడ్డతో తుడువు.