నీ వినికిడి సంగతి నీ నోటితోనే చెప్పు

బిడ్డా,

డీఎస్సీ ఫారంలో ఏ కాలమ్‌లో టిక్ పెట్టాలి, కోచింగ్‌లో పక్కన కూర్చునేవాళ్లకు ఏమని చెప్పాలి, వచ్చే సంబంధం వాళ్లకు అసలు చెప్పాలా వద్దా అని రాశావు. చివర్లో, "ఇంతకీ నేను చెవిటిదాన్నా కాదా పెద్దమ్మా?" అని అడిగావు. ఇవన్నీ ఒకే ప్రశ్న అనుకుని తల పట్టుకుని కూర్చున్నట్టున్నావు. నా ఉద్దేశంలో ఇవి వేరు వేరు. ఫారానికి ఒక మాట కావాలి, ఎదుటి మనిషికి ఇంకో మాట కావాలి, నీ గురించి నువ్వు అనుకోవడానికి మరొకటి కావాలి. అన్నిటికీ సరిపోయే మాట కోసం వెతికితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

ఫారం సంగతి తేలిక, ముందు అది చూద్దాం. నీ ఆడియోగ్రామ్, అదే వినికిడి పరీక్ష రిపోర్టు, ఫొటో చూశాను. కుడి చెవి లోపం సగటున 62 డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే లెక్క), ఎడమది 66. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ లోపం ఉంటే 'హార్డ్ ఆఫ్ హియరింగ్', 70 ఉంటే 'డెఫ్'. నువ్వు మొదటి దాంట్లోకి వస్తావు. రిపోర్టు మీద 'మోడరేట్లీ సివియర్' అని ఉందని భయపడ్డావు. అది ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత. వాళ్లు కాస్త బాగున్న చెవిని చూసి, 50 నుంచి 65 లోపు ఉంటే ఆ మాట వాడతారు. కొలత మారితే పేరు మారుతుంది, నీ చెవులు మాత్రం అవే.

62 డెసిబెల్స్ అంటే 62 శాతం చెవుడని మీ నాన్న అందరికీ చెబుతున్నాడట. అలా చెప్పొద్దను. శాతానికి లెక్క వేరే ఉంది. బాగున్న చెవి శాతాన్ని అయిదుతో గుణించి, రెండో చెవి శాతం కలిపి, ఆరుతో భాగిస్తారు. అందుకే ఒక చెవి పూర్తిగా పోయినా రెండోది బాగుంటే 40 శాతం రాదు, ఆ మనిషి రోజూ ఎంత ఇబ్బంది పడుతున్నా సరే. 40 లేదా అంతకంటే ఎక్కువ వస్తేనే రిజర్వేషన్. చట్టం ఉద్యోగాల్లో ఇచ్చే 4 శాతంలో 1 శాతం డెఫ్, హార్డ్ ఆఫ్ హియరింగ్ వాళ్లది. డాక్టర్లు పరీక్ష చేసి ఇచ్చే వైకల్య సర్టిఫికెట్‌లో నీకు ఆ శాతం వస్తే ధైర్యంగా టిక్ పెట్టు. "నాకంటే ఎక్కువ కష్టం ఉన్నవాళ్ల సీటు లాక్కున్నట్టవుతుందేమో" అని రాశావు. ఆ గీత ఎక్కడ గీయాలో చట్టం చెప్పింది, నువ్వు ఏ వైపు ఉన్నావో డాక్టర్లు పరీక్ష చేసి చెబుతారు. ఇందులో నువ్వు లాక్కునేది ఏమీ లేదు.

కాగితాల మీద వికలాంగులు, దివ్యాంగులు, బధిరులు, హెచ్‌హెచ్ (హార్డ్ ఆఫ్ హియరింగ్) అని రకరకాలుగా ఉంటుంది. దివ్యాంగులు అన్న మాట నాకు నచ్చదు, పొగిడి దూరంగా కూర్చోబెట్టినట్టు అనిపిస్తుంది. అయినా ఆఫీసులో ఏది రాసి ఉంటే అదే రాసి సంతకం పెట్టి వచ్చేదాన్ని. అక్కడ పేరు కోసం కొట్లాడి లాభం లేదు. ఒక్కటి గుర్తుంచుకో, రైల్వే రాయితీ వినికిడీ మాటా రెండూ లేనివాళ్లకే ఇస్తారు. కాజీపేట కౌంటర్‌లో సర్టిఫికెట్ చూపించి మాట పడకు.

మనుషులతో చెప్పడమే అసలు కష్టం. నువ్వు అందరితో "నాకు కొద్దిగా తక్కువ వినపడుతుంది" అంటావు. ఈ రోజు నుంచి ఆ 'కొద్దిగా' మానెయ్యి. అది విన్నవాళ్లు రెండు నిమిషాలు గొంతు పెంచి, తర్వాత మర్చిపోతారు. మళ్లీ అడిగితే "చెవుల్లో దూది పెట్టుకున్నవా" అంటారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు, ఏం చెయ్యాలో నువ్వు చెప్పలేదు కదా.

నీది నరం వైపు లోపం. గట్టిగా అరిస్తే శబ్దం పెరుగుతుంది కానీ మాట విడిపడదు. క, ప, స, త లాంటి సన్నని ధ్వనులు ముందు జారిపోతాయి. పత్తి, కత్తి నీకు ఒక్కలాగే వినిపిస్తాయి. చెవి మిషన్ పెట్టుకున్నా ఫంక్షన్ హాల్లో డీజే మోగుతుంటే పక్క మనిషి మాట అందదు. కాబట్టి జబ్బు పేరుతో ఆపకుండా, వాళ్లు చెయ్యాల్సిన పని కూడా చెప్పు. "నాకు వినికిడి లోపం ఉంది. నా మొహం చూసి మాట్లాడండి. అర్థం కాకపోతే అదే మాట గట్టిగా అనకుండా ఇంకోలా చెప్పండి." ఇంత చాలు.

నేను బడిలో పని చేసినన్నాళ్లూ జూన్‌లో బడి తెరిచిన రోజే పిల్లలకు చెప్పేదాన్ని. టీచర్‌కు ఎడమ చెవి వినపడదు, చెయ్యి ఎత్తి నేను చూశాకే మాట్లాడండి అని. పిల్లలు వారంలో అలవాటు పడేవాళ్లు. పెద్దవాళ్లకే ఎక్కువ రోజులు పట్టేది. కానీ నా మాటలు నువ్వు ఉన్నవి ఉన్నట్టు వాడకు. నాది ఓటోస్క్లెరోసిస్. చెవి లోపలి చిన్న ఎముక బిగుసుకుపోయింది, కాన్పుల తర్వాత ఇంకా పెరిగింది. నాకు గట్టిగా మాట్లాడితే స్పష్టంగా అర్థమయ్యేది, నిశ్శబ్దంలో కంటే బస్సు రొదలోనే మాట బాగా అందేది. నీకు సరిగ్గా తిరగేసి ఉంది. ఇద్దరం చెవుడున్నవాళ్లమే, నాకు పనికొచ్చిన సాయం నీకు పనికిరాదు. నీకు ఎప్పుడు అందుతుంది, ఎప్పుడు అందదు అని కొన్నాళ్లు గమనించి రాసుకో. నీ మాటలు అందులోంచే వస్తాయి.

ఇక చెవిటిదాన్నా కాదా అన్న సంగతి. చెవుడు అని నా గురించి నేను మామూలుగానే అంటాను, జ్వరం అన్నట్టే. ఎవరైనా "ఏయ్ చెవిటిదానా" అని పిలిస్తే మాత్రం అక్కడే ఆపుతాను. ఆ మాటను నీ అంతట నువ్వు తీసుకుని తలెత్తుకుని చెప్పుకోవాలనిపిస్తే చెప్పుకో, వద్దనిపిస్తే వదిలెయ్యి. ఈ ఏడాది ఒకలా అనిపించి వచ్చే ఏడాది ఇంకోలా అనిపించినా తప్పులేదు. ఇంకొకరు నీ మీద పెట్టడానికి మాత్రం ఒప్పుకోకు.

హన్మకొండ బస్టాండ్‌లో సైగలతో మాట్లాడుకుంటున్న అమ్మాయిలను చూసి వాళ్లలో నేనూ ఒకదాన్నేమో అనిపించిందని రాశావు. వాళ్లలో చాలామంది చిన్నప్పటి నుంచి సైగల మధ్యే పెరిగి ఉంటారు. అది వాళ్ల భాష, స్నేహాలు, సంసారాలు అన్నీ అందులోనే. తాము ఏదో పోగొట్టుకున్నామని వాళ్లు అనుకోరు. నువ్వు తెలుగు వింటూ పెరిగి ఇప్పుడు వినికిడి తగ్గినదానివి. ఆ తేడా ఉంది, అయినా వాళ్ల తలుపు మూసి లేదు. సైగలు నేర్చుకో. 2015లో ఢిల్లీలో పెట్టిన భారతీయ సంకేత భాషా కేంద్రం 10,000 మాటల నిఘంటువును వీడియోలుగా ఉచితంగా ఇచ్చింది. ఇంట్లో తమ్ముడితో కలిసి నేర్చుకుంటే ఫంక్షన్ హాల్లో కూడా మీ ఇద్దరికీ మాట సాగుతుంది. మనవాళ్లు "నువ్వు వాళ్లలా మూగచెవిటి కాదులే, నార్మలే" అని ఓదారుస్తారు. ఆ మెచ్చుకోలు తీసుకోకు. ఆ అమ్మాయిలను తక్కువ చేసి నిన్ను ఎక్కువ చేస్తున్నారు. వాళ్లకు భాష ఉంది, మూగ అనడమే తప్పు.

సంబంధం విషయంలో మీ అమ్మ జుట్టు వదిలేసి మిషన్ కనపడకుండా కూర్చోమంటోందట. కూర్చోకు. పెళ్లిచూపులకు ముందే తెలియాలి, అదీ నీ ద్వారానే తెలియాలి. మధ్యవర్తి నోట పడితే 'కొంచెం చెవుల ప్రాబ్లం' అవుతుంది, ఇంకో నోట పడితే 'పూర్తిగా చెవిటిది' అవుతుంది. దాచి చేసిన పెళ్లిలో ఆడపిల్ల రోజంతా విన్నట్టు నటిస్తూ బతకాలి. రాత్రి లైటు తీశాక భర్త మాట్లాడితే ఏం చేస్తావు? పిల్లలకు వస్తుందా అని వాళ్లు అడుగుతారు, అడగడం న్యాయమే. ఊహించి జవాబు చెప్పకు, ఈఎన్‌టీ డాక్టర్‌ను అడుగు, అవసరమైతే జన్యు పరీక్ష రాస్తారు. మేనరికం మాట కూడా నడుస్తోందని విన్నాను. దగ్గరి చుట్టరికంలో పెళ్లిళ్లు చేసుకుంటే పిల్లలకు పుట్టు చెవుడు వచ్చే అవకాశం పెరుగుతుంది. ఆ సంగతి డాక్టర్‌తోనే మీ అమ్మకు చెప్పించు.

వాళ్లు ఆదివారం వస్తారంటున్నావు కాబట్టి రేపే అబ్బాయికి వాట్సాప్‌లో నాలుగు వాక్యాలు రాసి పంపు. రెండు చెవుల్లో లోపం ఎంత ఉంది, మిషన్ వాడుతున్నావు, ఎలా మాట్లాడితే నీకు అర్థమవుతుంది, అంతే. ఆడియోగ్రామ్ ఫొటో కావాలంటే ఇస్తానని రాయి. క్షమించమని మాత్రం ఎక్కడా రాయకు. మీ అమ్మ కోప్పడుతుందని భయపడకు, శుక్రవారం నేనే వచ్చి ఆమెతో మాట్లాడతాను.

మీ పెద్దమ్మ,
హన్మకొండ