శివారు కాలనీల కోసం రోడ్డు పొడిగిస్తే నిజంగా ట్రాఫిక్ తగ్గుతుందా? ఆ రోడ్డు ఎటు పోవాలో ఎలా తేలుస్తారు?

మీరు అడిగింది ఇదీ: మీ కాలనీ దగ్గర ఆగిపోయిన రోడ్డును అవతలి మెయిన్ రోడ్డు దాకా పొడిగిస్తామంటున్నారు, చుట్టూ అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి, రోడ్డు ఎటు పోవాలో ఎవరు చూస్తారు, వస్తే మన తిప్పలు తీరతాయా అని. నేను ఇంజనీర్ని కాను. హైదరాబాద్‌లో నిజాంపేట దాటి ఔటర్ రింగ్ రోడ్డు వైపు వెళ్లే దారిలో ఒక కాలనీలో ఉంటాను. అసోసియేషన్ సెక్రటరీ పదవి ఎవరికీ వద్దంటే నా మెడకు చుట్టారు. అచ్చం మీలాంటి రోడ్డే మా ఇంటి వెనకాల వేస్తున్నారు, ఇంకా వేస్తూనే ఉన్నారు. కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను.

ఎటు పోవాలో ఎప్పుడో తేలిపోయింది. హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ మాస్టర్ ప్లాన్ 2031 అని 2013లో ఆమోదం పొందిన మ్యాపు ఉంది. మీ రోడ్డు అందులో గీతగా ఉండే ఉంటుంది. మన ఊళ్లో గీతలకు కరువు లేదు. ఆ గీత కింద ఉన్న నేలను పదేళ్లపాటు ఖాళీగా కాపాడే నాథుడే లేడు. మ్యాపులో 100 అడుగుల రోడ్డు ఉంటుంది, దాని మీదే ఎవరో ప్లాట్లు కొట్టి అమ్ముతారు, కొన్నవాళ్లు ఇల్లు కడతారు, కరెంటు మీటరు వస్తుంది, ఇంటి పన్ను కూడా కట్టించుకుంటారు. అన్నీ అయ్యాక రోడ్డు గుర్తొస్తుంది.

మా దగ్గర జాయింట్ సర్వే జరిగిన రోజు చూసి ఉంటే మీరు ఈ ప్రశ్నే అడిగేవారు కాదు. సర్వేయరు, టౌన్ ప్లానింగ్ నుంచి ఒక మేడమ్, ఇద్దరు చైన్‌మెన్లు, ఎర్ర పెయింటు డబ్బా పట్టుకున్న ఒక కుర్రాడు వచ్చారు. మూడు కాళ్ల స్టాండు మీద మిషన్ పెట్టారు. చేతిలో ఊరి నక్షా, జిరాక్స్‌కి జిరాక్స్. సరిగ్గా మాకు కావలసిన సర్వే నంబరు మీదే మడత పడి అక్షరాలు చెరిగిపోయాయి. ఎక్కడి నుంచి కొలవాలన్నా ముందు ఒక పాత హద్దురాయి దొరకాలట. అవన్నీ ఏ సెల్లార్ల కింద ఉన్నాయో ఆ దేవుడికే ఎరుక.

అప్పుడు ఆ పొలాలు ఒకప్పుడు ఎవరివో, ఆ ఇంటి పెద్దాయన్ని పిలిపించారు. వచ్చి, మిషన్ వైపు ఒకసారి చూసి, బీడీ ముట్టించుకుని, "గీడికెల్లే పోయేది సారూ బండ్లబాట. గా యాపచెట్టు పొంటి. మక్కలు ఏస్కోని బండ్లు గట్టుకోని పోతుంటిమి" అన్నాడు. నక్షాలో రెండు చుక్కల గీతలుగా కనబడుతున్నది అదే బాట. మాస్టర్ ప్లాన్ రోడ్డు కూడా ఇంచుమించు దాని వెంటే పోతుంది. అంటే యాపచెట్టు దొరికితే దారి దొరికినట్టే.

చెట్టు దొరికింది. ఒక గేటెడ్ కమ్యూనిటీ కాంపౌండ్ లోపల, క్లబ్‌హౌస్ పక్కన, చుట్టూ గ్రానైట్ అరుగు కట్టించుకుని దర్జాగా ఉంది. గేటు దగ్గర సెక్యూరిటీ ఆపేశాడు. ఏ ఫ్లాటుకి వెళ్లాలో చెప్పండి, యాప్‌లో అప్రూవల్ రావాలి అన్నాడు హిందీలో. సర్వేయరు గవర్నమెంటు ఐడీ కార్డు తీసి చూపించాడు. ఆ అబ్బాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఠీక్ హై సార్, లేకిన్ ఫ్లాట్ నంబర్?" అన్నాడు. పాపం అతని తప్పేం లేదు, ఆ ఫోన్‌లో ఫ్లాట్ నంబరు కొట్టకపోతే తర్వాతి స్క్రీన్ రాదు. పెద్దాయన నా వైపు తిరిగి, "మా తాత చెల్క బిడ్డా ఇది. ఏ ఫ్లాటని చెప్పాలె?" అన్నాడు. మేడమ్ నవ్వు ఆపుకోలేకపోయింది. చివరికి వాళ్ల అసోసియేషన్ ప్రెసిడెంటుకి నేనే ఫోన్ చేసి, ఆయన ఫ్లాట్ నంబరు మీద మొత్తం ప్రభుత్వ బృందాన్ని విజిటర్లుగా లోపలికి పంపించాం. పర్పస్ ఆఫ్ విజిట్ అన్నచోట ఆప్షన్లలో రోడ్డు లేదు కాబట్టి డెలివరీ అని కొట్టాడు.

నవ్వొచ్చినా నా అసలు కోపం అక్కడే ఉంది. ఊళ్లు పొలాలుగా ఉన్నప్పుడు ప్రతి నాలుగు చెల్కలకూ ఒక బాట ఉండేది. ఇప్పుడు పది, ఇరవై ఎకరాలు ఒకే గోడలో బిగించేస్తున్నారు. లోపల సైకిల్ ట్రాక్ ఉంటుంది, జాగింగ్ ట్రాక్ ఉంటుంది, ఇవతలి నుంచి అవతలికి పోయే దారి మాత్రం ఉండదు. దాంతో పాలప్యాకెట్టుకి వెళ్లేవాడూ, ఆఫీసుకి వెళ్లేవాడూ, స్కూలు బస్సూ, కాంక్రీటు మిక్సరు లారీ అందరూ ఒకే రోడ్డు మీదకి రావాల్సిందే. ఆ ఒక్క రోడ్డునీ 40 నుంచి 60, 60 నుంచి 100 అడుగులు చేసుకుంటూ పోవడమే మన ప్లానింగ్.

సర్వే సంగతికి వస్తాను. చెట్టు దగ్గర నుంచి కొలుచుకుంటూ మా వెనక వీధికి వచ్చేసరికి గీత ఒక రిటైర్డ్ మాస్టారి ఇంటి వరండాలోంచి పోయింది. గృహప్రవేశం తోరణాలు ఎండిపోయి ఇంకా గుమ్మానికే ఉన్నాయి. కుర్రాడు బ్రష్షు తీసి, కొత్తగా టెక్స్చర్ పెయింట్ వేయించిన పిల్లర్ మీద బాణం గుర్తు వేయబోయాడు. మాస్టారు అరవలేదు, ఏడవలేదు. "బాబూ, పిల్లర్ మీద వద్దు నాయనా, ఇదిగో ఈ మెట్టు మీద వెయ్యి" అన్నారు. కుర్రాడు మేడమ్ వైపు చూశాడు. మేడమ్ తల ఊపింది. మెట్టు మీద బాణం, పక్కన 4.2 అని అంకె వేశాడు. అంటే లోపలికి నాలుగు మీటర్ల పైచిలుకు పోతుందన్నమాట. వాళ్లావిడ అందరికీ మజ్జిగ తెచ్చి ఇచ్చింది, పెయింటు కుర్రాడితో సహా.

"అమ్మా, ఇది పర్మిషన్ ఉన్న ఇల్లు" అని మాస్టారు ఫైలు తెచ్చారు. పంచాయతీ ఉన్నప్పటి కాగితం. కార్పొరేషన్ వచ్చింది 2019లో, నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ అన్నీ కలిపి. కాగితం మీద ముద్ర ఉంది, సంతకం ఉంది, ఆ స్థలం మీద ఒక రోడ్డు ప్రతిపాదన ఉందన్న ముక్క మాత్రం లేదు. మేడమ్ చాలాసేపు చూసి, మడిచి, మర్యాదగా తిరిగి ఇచ్చేసింది.

పోయిన స్థలానికి టీడీఆర్ తీసుకోమంటారు. డబ్బు కాదు, ఇంకోచోట కట్టుకునే హక్కు. పోయిన జాగాకు నాలుగు రెట్లు ఇస్తారని 2017 జీవో ఉంది, వినడానికి బాగుంటుంది. కానీ ఆ సర్టిఫికెట్ పట్టుకుని మాస్టారు పదో అంతస్తు ఎక్కడ కడతారు చెప్పండి? బిల్డరుకే అమ్మాలి, బిల్డరు చెప్పిన రేటుకే అమ్మాలి. డబ్బే కావాలంటే 2013 భూసేకరణ చట్టం కింద పోవాలి. అందులో మార్కెట్ విలువ మీద నూరు శాతం సొలేషియం, అంటే అదనపు పరిహారం, ఉంటుంది కాబట్టి ఆఫీసులకు ఆ దారంటే ప్రాణసంకటం. అందుకే ముందు టీడీఆర్ గురించే తీయగా మాట్లాడతారు.

ఇక ట్రాఫిక్ తగ్గుతుందా అన్న మాట. తగ్గదు. మొదటి రెండు మూడేళ్లు హాయిగా ఉంటుంది, తర్వాత అంతే. కారణం చాలామందికి తెలియదు. హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని, అంటే స్థలం సైజుకి ఇన్ని రెట్లు మాత్రమే కట్టాలన్న లెక్కని, 2006లోనే ఎత్తేశారు. ఒక స్థలంలో ఎంత ఎత్తు కట్టొచ్చు అన్నది ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా (సెట్‌బ్యాక్‌లు) మీద ఆధారపడుతుంది. కాబట్టి మీ వీధి 40 అడుగులు ఉన్నంతకాలం అక్కడ టవర్ లేవదు. 100 అడుగులైన మర్నాడు అదే ఎకరం మీద ముప్ఫై అంతస్తుల బోర్డు పడుతుంది. పెరిగిన జనం కోసమని మొదలుపెట్టిన రోడ్డే కొత్త జనాన్ని పిలుచుకొస్తుంది. కోకాపేట, నానక్‌రామ్‌గూడ వైపు ఒకసారి వెళ్లి తలెత్తి చూడండి, నేను లెక్కలు చెప్పక్కర్లేదు.

అలాగని రోడ్డే వద్దనడం లేదు. వెడల్పు కంటే కలుపుళ్లు ముఖ్యం అంటున్నాను. ఔటర్ సంగతే తీసుకోండి. 158 కిలోమీటర్లు, ఎనిమిది లేన్లు. మొదట్లో చాలా ఊళ్లవాళ్లు దాని పక్కనే ఉండి కూడా ఎక్కలేకపోయేవారు. నార్సింగి, మల్లంపేట దగ్గర ఇంటర్‌ఛేంజ్‌లు రోడ్డు అంతా అయిపోయిన చాలాకాలానికి కలిపారు. జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 45 నుంచి ఓల్డ్ బాంబే హైవేకి వేసిన లింక్ రోడ్డు చిన్నదే, కానీ అటు తిరిగేవాళ్లను అడగండి, పెద్ద ఫ్లైఓవర్ కంటే దానికే దండం పెడతారు.

అహ్మదాబాద్‌వాళ్లు తమ రింగ్ రోడ్డుకి చాలా భాగం భూమిని టౌన్ ప్లానింగ్ స్కీముల ద్వారా తీసుకున్నారు. అందరి భూమీ కలిపి, రోడ్లకు వాటా తీసి, మిగిలింది చదరంగా మళ్లీ పంచి ఇస్తారు. ఒక్కడి వరండా పోవడం, పక్కవాడికి రోడ్ ఫేసింగ్ లాటరీ తగలడం ఉండదు. మనకు తెలియని విద్యేం కాదిది. 1908 మూసీ వరద తర్వాత 1912లో పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పత్తర్‌గట్టిలో రోడ్డునీ, దాని పక్క రాతి దుకాణాల వరుసనీ కలిపే ప్లాన్ చేసింది. ఇప్పటికీ అక్కడ ముత్యాలు కొనడానికి వెళ్తే ఆ కమాన్లు ఒకే వరుసలో కనిపిస్తాయి. ఇప్పుడు మనకు రోడ్డు ఒక డిపార్టుమెంటు, బిల్డింగు పర్మిషన్ ఇంకో డిపార్టుమెంటు, నీళ్ల పైపు మూడోది. తారు వేసిన వారానికే పైపులవాళ్లు జేసీబీతో వస్తారు. అడిగితే మాకు వర్క్ ఆర్డర్ ఇప్పుడే వచ్చిందంటారు.

మా రోడ్డు ప్రస్తుతం అటు నుంచి సగం, ఇటు నుంచి సగం అయిపోయింది. మధ్యలో ఒక ముక్క కోర్టులో ఉంది. అక్కడ మట్టి, ఒక రేకుల గోడ. ఫోన్ మ్యాపులో మాత్రం రోడ్డు పూర్తయిపోయింది, కాబట్టి రాత్రిళ్లు క్యాబ్ డ్రైవర్లు గోడ దగ్గరికొచ్చి ఫోన్ చేస్తారు, "సార్, మీ లొకేషన్ గోడ లోపల చూపిస్తోంది" అని. ఇంకో గొడవ ఏంటంటే, పూర్తయిన సగం మీద అప్పుడే రెండు ఫంక్షన్ హాళ్లు లేచాయి. ముహూర్తాలున్న రోజున బరాత్ డీజే బండి రోడ్డుకి అడ్డంగా నిలబడితే ఆ 60 అడుగుల్లో మనకు మిగిలేది ఒక స్కూటీ పట్టే సందు. పార్కింగ్ లేకుండా ఫంక్షన్ హాలుకి అనుమతి ఎవరిచ్చారో అడిగితే మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఇద్దరు లెఫ్ట్ అయ్యారు. వాళ్లవే అవి అని తర్వాత తెలిసింది.

మీరు చేయాల్సింది చెబుతాను. ముందు మీ ప్లాటు సర్వే నంబరు పట్టుకుని మున్సిపల్ ఆఫీసు ప్లానింగ్ సెక్షన్‌కి వెళ్లి, రోడ్డు సరిగ్గా ఎటు పోతుందో చూపే అలైన్‌మెంట్ షీటు అడగండి. నోటిమాట నమ్మకండి, "మీకు రాదులెండి" అని చెప్పేవాళ్లే ఎక్కువ. భూసేకరణ ప్రాథమిక నోటిఫికేషన్ వస్తే అభ్యంతరం చెప్పడానికి 60 రోజులు ఉంటాయి, రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. రోడ్డు రెండు చివర్లూ ఎక్కడ కలుస్తాయో, మధ్యలో అడ్డవీధులకు దారి వదిలారో లేదో చూడండి. నాలా దాటే చోట కల్వర్టు వెడల్పు అడగండి.

అన్నిటికంటే ముఖ్యంగా రోడ్డు లెవెల్ అడగండి. ఇది ఎవరూ పట్టించుకోరు. పాత రోడ్డు మీద కొత్త పొర, దాని మీద ఇంకో పొర వేసుకుంటూ పోతే రోడ్డు మీ గేటు కంటే ఎత్తయిపోతుంది. 2020 అక్టోబరు వానలకు మా వీధిలో రోడ్డు పొడిగా ఉంది, ఇళ్లు మునిగాయి. మీ వీధిలో ఉన్న అన్నిటికంటే పల్లపు ఇల్లు ఏదో చూసి, ఆ గడప ఎత్తు కొలిచి, దానికంటే రోడ్డు కిందే ఉండాలని అభ్యంతరాల కాగితంలో మొదటి లైనుగా రాయండి. ట్రాఫిక్ గురించి రెండో పేజీలో రాసుకోవచ్చు.