ముందు చక్రాలు లేవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది తిరుపతి కొర్లగుంట. మా అన్న టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, పోయిన ఏడాది 1970 మోడల్ షెవర్లే షెవెల్ కొన్నాడు. 454 ఇంజన్, ఆటోమేటిక్ గేర్లు. వారాంతాల్లో డ్రాగ్ స్ట్రిప్‌కు, అంటే నేరు దారిలో కార్ల పందెం పెట్టే ట్రాక్‌కు, తీసుకెళ్తాడు. అక్కడ పాత కార్లు ముందు చక్రాలు అడుగెత్తు లేపుకుని దూసుకుపోతుంటాయి, మా వాడిది మాత్రం వెనక టైర్లు పొగ కక్కుతాయి, వెనక భాగమంతా దడదడా ఎగురుతుంది, ముందు చక్రం నేల వదలదు. ఇంజన్ పవర్ ఇంకా పెంచాలని అంటున్నాడు. ఏప్రిల్‌లో నేను వెళ్తున్నా, ఇద్దరం కలిసి ఆ పని చేద్దామనుకుంటున్నాం. దేనితో మొదలుపెట్టాలి?

జవాబు: తమ్ముడూ, ఇంజన్ జోలికి పోవద్దని మీ అన్నకు ఈ రాత్రే ఫోన్ చేసి చెప్పు. 454 అంటే 7.4 లీటర్ల వీ8, టైర్లు పొగ కక్కుతున్నాయంటే ఉన్న పవరే నేలకు చేరడం లేదని అర్థం. చేరని పవర్‌ను ఇంకా పెంచితే పొగ పెరుగుతుంది, అంతే.

మా మామ చిత్తూరు పక్క పల్లెలో చెరకు ట్రాక్టర్ తోలేవాడు. తడి చేలో లోడు లాగేటప్పుడు వెనక టైర్లు గిర్రున తిరిగేవి, ట్రాక్టర్ ముందు భాగం మాత్రం కదిలేది కాదు. అదే లోడుతో గట్టు ఎక్కి గట్టి నేల మీదికి రాగానే, ఫస్ట్ గేరులో క్లచ్ కొంచెం త్వరగా వదిలితే చాలు, ముందు చక్రాలు జానెడు పైకి లేచేవి, మామ గబుక్కున క్లచ్ తొక్కితే దబ్బున కింద పడేవి. చక్రాలు గాల్లో ఉన్న ఆ రెండు క్షణాలు స్టీరింగ్ చేతిలో ఉత్తినే తిరుగుతుండేది, నేను మడ్‌గార్డు పట్టుకుని బిగుసుకుపోయి కూర్చునేవాణ్ని. ఇంజన్ అదే, లోడూ అదే. మారింది వెనక టైరు కింద నేల పట్టు. మీ అన్న కారుకు కావలసింది ఆ గట్టు మీది పట్టే.

లెక్క చూడు. ఆ షెవెల్ బరువు సుమారు 1700 కిలోలు, అందులో దాదాపు 950 ముందు చక్రాల మీదే ఉంటుందనుకుందాం. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం 284 సెంటీమీటర్లు. బరువు కేంద్రం నేల నుంచి 55 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, కారు ఒక జీ వేగవృద్ధితో (కింద పడే వస్తువు వేగం పుంజుకునే లెక్కన) దూకినప్పుడు ముందు నుంచి వెనక్కు జరిగే బరువు 330 కిలోల దాకా ఉంటుంది. మామూలు రోడ్డు టైరు ఇవ్వగలిగేది మహా అయితే ఆ ఒక్క జీ. అంటే ఇంకా 620 కిలోలు ముందే కూర్చుని ఉంటాయి, చక్రం ఎలా లేస్తుంది? రెండు జీలు తెస్తే 660 వెనక్కు పోతాయి. మిగతాది ముందు బరువు తగ్గించి, ముందు స్ప్రింగులు పైకి విసిరే ఊపుతో సాధించాలి. పని వరస ఈ లెక్కలోనే ఉంది.

మొదటి ఖర్చు టైర్లు. గాడులు లేని మెత్తటి రేసు టైర్లైన డ్రాగ్ స్లిక్కులు గానీ, రోడ్డుకూ పనికొచ్చే డ్రాగ్ రేడియల్స్ గానీ వేయాలి. స్లిక్కులో గాలి 12 నుంచి 14 పాయింట్లు, రేడియల్‌లో 16 నుంచి 18 పాయింట్ల దగ్గర మొదలుపెట్టి, రన్నుకు అర పాయింటు చొప్పున మార్చుకుంటూ పోండి. ఎవరైనా వీడియో తీస్తే స్లో మోషన్‌లో చూడు, కారు కదిలిన మొదటి క్షణంలో స్లిక్కు పక్కగోడ పిండిన గుడ్డలా ముడతలు పడుతుంది, రిమ్ము కొంచెం తిరిగాక గానీ టైరు అడుగు భాగం కదలదు. ఆ ముడత ఎడమ, కుడి టైర్లలో ఒకేలా కనిపిస్తే మీరు దారిలో ఉన్నట్టు. ఒకటి ముడుచుకుని ఇంకొకటి బిర్రుగా ఉంటే తేడా సస్పెన్షన్‌లో ఉంది.

ఇక ఆ దడదడ. షెవెల్ వెనక కాయిల్ స్ప్రింగులు, హౌసింగును (వెనక ఇరుసు పెట్టెను) పట్టుకోవడానికి రెండు పై ఆర్ములు, రెండు కింద ఆర్ములు ఉంటాయి. 1964 నుంచి 1972 దాకా వచ్చిన పోంటియాక్ జీటీవోకీ ఓల్డ్స్‌మొబైల్ 442కీ ఇదే ఏర్పాటు, ఈ రోగమూ అన్నింటికీ ఉన్నదే. పక్క నుంచి చూస్తూ పై ఆర్మునూ కింద ఆర్మునూ గీతల్లా ముందుకు పొడిగిస్తే రెండూ ఒకచోట కలుస్తాయి, కారును టైరు నెట్టేది ఆ బిందువు దగ్గర అనుకో. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఆ బిందువు టైరును నేలకు గట్టిగా అదిమే చోట ఉండదు, అందుకే టైరు పట్టుకుంటుంది, వదులుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. మీకు వినిపించే దడదడ అదే. పై ఆర్ము హౌసింగుకు బిగించే చోటును పైకి ఎత్తే బ్రాకెట్లు దొరుకుతాయి, అక్కడి వాళ్లు నో హాప్ బార్లు అంటారు. కింద ఆర్ము వెనక కొసను కిందికి దించే బ్రాకెట్లూ దొరుకుతాయి. ఆ రెండూ వేస్తే బిందువు దగ్గరికి, పైకి వస్తుంది, కారు కదలగానే టైరును నేలలోకి అదుముతుంది. అరిగిన రబ్బరు బుష్‌లు అదే రోజు మార్చేయండి, మెత్తటి బుష్‌తో ఏ బ్రాకెట్టూ పనిచేయదు. పవర్ పడినప్పుడు పినియన్ ముక్కు, అంటే హౌసింగులో ప్రొపెల్లర్ షాఫ్ట్ వచ్చి కలిసే కొస, పైకి లేస్తుంది కాబట్టి, ఆగి ఉన్నప్పుడు దాన్ని రెండు మూడు డిగ్రీలు కిందికి చూసేలా పెట్టుకోవాలి.

చాలామంది మరిచిపోయేది కుడి వెనక చక్రం సంగతి. ఇంజన్ తిప్పే బలం ప్రొపెల్లర్ షాఫ్ట్ గుండా హౌసింగును మెలిపెట్టి కుడి టైరును పైకి లేపాలని చూస్తుంది, బాడీ అటు కుడి వెనక మూలకు కుంగి ఎడమ ముందు మూల లేస్తుంది. కారు వంకరగా లేచి పక్కకు లాగేది ఇందుకే. కుడి వెనక స్ప్రింగులో గాలి సంచి పెట్టి ఎడమ కంటే కొంచెం ఎక్కువ గాలి కొట్టండి, వెనక బాడీని పక్కకు ఒరగనివ్వని మంచి యాంటీ రోల్ బార్ ఉంటే ఇంకా మేలు. రెండు ముందు చక్రాలూ ఒకే ఎత్తుకు లేవాలి. ఒకటే లేచిందంటే ఈ పని పూర్తి కానట్టే.

ముందు వైపు స్వే బార్ (అదీ యాంటీ రోల్ బారే) విప్పేయండి, స్ట్రిప్ మీద దానితో అవసరం లేదు. స్ప్రింగులు మెత్తగా, పొడుగ్గా ఉండాలి. నొక్కి పెట్టిన పొడుగు స్ప్రింగు వదలగానే బాడీని పైకి విసురుతుంది, ఆ ఊపు చక్రాలను కూడా లాక్కుపోతుంది. షాకబ్జర్లు పైకి తేలిగ్గా సాగేవి, కిందికి మెల్లగా దిగేవి తీసుకోండి, సర్దుబాటు చేసుకునే రకమైతే డబ్బు పోయినా పర్లేదు. బ్యాటరీని డిక్కీలోకి, కుడి టైరు వెనక్కు మార్చండి. అలా మారిస్తే కారు వెనక బయటి వైపు కరెంటు కట్ చేసే స్విచ్ ఉండాలన్నది అమెరికా డ్రాగ్ రేసుల సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నియమం. ప్రొపెల్లర్ షాఫ్ట్ తెగితే నేలకు గుచ్చుకోకుండా దాని చుట్టూ ఇనుప లూప్ కూడా బిగించండి.

ఇవన్నీ అయ్యాక టార్క్ కన్వర్టర్ (ఆటోమేటిక్ గేర్లకు క్లచ్ బదులు ఉండేది), వెనక హౌసింగులోని క్రౌన్ రేషియో చూసుకోండి. రేషియో 4.10 ఉంటే బాగుంటుంది. ట్రాన్స్‌బ్రేక్, అంటే బటన్ నొక్కినంతసేపూ గేర్‌బాక్స్‌ను బిగించి కారును కదలనివ్వని ఏర్పాటు, ఉంటే బటన్ వదలగానే పవర్ ఒక్కసారిగా పడుతుంది. దాన్ని ఆఖరికి వదిలిపెట్టింది కావాలనే, పట్టు లేని కారుకు ట్రాన్స్‌బ్రేక్ పెడితే క్రౌన్ పళ్లు లేస్తాయి.

ప్రతి రన్ను తర్వాత చేతికిచ్చే స్లిప్పులో మొదటి 60 అడుగుల టైము చూడండి. అది ఒకటిన్నర సెకన్ల కిందికి వస్తోందంటే చక్రాలు నేల వదిలే రోజు దగ్గర్లోనే ఉంది. ఎంత ఎత్తు లేచిందన్నది చూడొద్దు. నాలుగడుగులు లేచిన కారు పవర్‌ను ఆకాశానికి ఖర్చు పెడుతోంది. ఆరంగుళాలు లేచి, అలాగే నిలిచి, ముందుకు పోయే కారు గెలుస్తుంది.

ప్రశ్న: అన్నా, మళ్లీ నేనే. లేచాక కిందికి దిగేటప్పుడు ఏం విరుగుతాయి?

జవాబు: ఇది అడిగినందుకు నీ మీద గౌరవం పెరిగింది. రెండేళ్ల కిందట మా అక్క వాళ్లింటికి వెళ్లినప్పుడు ఒక స్ట్రిప్‌లో కంచె పక్కనే నిలబడి చూశాను. ఒక పాత కారు మూడడుగులు లేచింది, నడిపే అతను భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు ఒక్కసారిగా తీసేశాడు. ముందు భాగం రాయిలా పడింది. ఆయిల్ చాంబర్ నేలకు కొట్టుకుని పగిలింది, నల్లటి ఆయిల్ గీత ట్రాక్ పొడవునా పడింది, దాన్ని కడిగి ఆరబెట్టేదాకా అందరి రన్నులూ ఆగిపోయాయి.

కాబట్టి కాలు మెల్లగా తగ్గించాలి, ఒక్కసారిగా తీయకూడదు. చక్రాలు గాల్లో ఉన్నంతసేపూ స్టీరింగ్ తిప్పకుండా నిటారుగా పట్టుకోవాలి, వంకరగా ఉన్న చక్రం నేల తాకితే కారు అటే దూకుతుంది. షాకబ్జర్ కిందికి దిగే వైపు గట్టిగా బిగించాలి. ఎత్తు మరీ ఎక్కువవుతుంటే పైకి సాగే వైపు కూడా కొంచెం కొంచెం బిగిస్తూ రావాలి. వెనక వీలీ బార్లు, అంటే కారు వెనక నేలకు దగ్గరగా సాచిన కడ్డీలు, పెడితే బోల్తా పడకుండా కాపాడతాయి కానీ, బారు నేలకు ఆనిందంటే వెనక టైరు మీది బరువును అది పంచుకుంటుంది, పట్టు పోతుంది. అందుకే ఎప్పుడో గానీ తగలని ఎత్తులో పెట్టాలి.

ఇంకో రెండు. కారు దూకినప్పుడు పెట్రోలూ ఆయిలూ రెండూ వెనక్కు పరిగెడతాయి. హోలీ కంపెనీ కార్బ్యురేటర్ వెనక గిన్నెలో జెట్లు (పెట్రోలు లోపలికి పోయే రంధ్రాలు) ముందు వైపు ఉంటాయి, అవి ఖాళీ పడి ఇంజన్ దగ్గుతుంది. జెట్ ఎక్స్‌టెన్షన్లు వేస్తే సరిపోతుంది. ఆయిల్ ప్రెషర్ మీటరు మీద వీడియో కెమెరా ఒకటి పెట్టండి, లాంచ్‌లో ముల్లు పడిపోతుంటే చాంబర్‌లో అడ్డుపలకలు వేయించేదాకా ఇంకో రన్ను చేయొద్దు. ప్రతి వారం బాల్ జాయింట్లు, ముందు ఆర్ముల వెల్డింగులు టార్చి వేసి చూడాలి.

ప్రశ్న: స్ప్రింగు పట్టీలున్న పాత డాడ్జ్ కార్లు కూడా ముందు చక్రాలు లేపుతాయి కదా, వాటికి ఈ ఆర్ములేమీ ఉండవు. మరి ఎలా? అలాగే హెమీ అండర్ గ్లాస్ అనే కారు పావు మైలు దూరం నిలబడే పోయినట్టుంటుంది, అదెలా? - పలమనేరు పాఠకుడు

జవాబు: మన లారీల్లో ఉన్న కమాను కట్టల్లాంటివే అవి. పవర్ పడినప్పుడు కట్ట ఎస్ అక్షరంలా మెలిక పడుతుంది, దాన్ని ఆపాలి. డాడ్జ్ మాతృ సంస్థ క్రైస్లర్ వాళ్ల సూపర్ స్టాక్ స్ప్రింగులు కుడికి ఒకలా, ఎడమకు ఒకలా చేసినవి, హౌసింగుకు ముందున్న సగం గట్టిగా ఉంటుంది, పినియన్ పైన ఒక రబ్బరు దిమ్మె దాని ముక్కును ఆపుతుంది. 1968లో హర్స్ట్ కంపెనీతో కలిసి రేసు కోసమే చేసిన, హెమీ అనే క్రైస్లర్ ఇంజన్ ఉన్న డాడ్జ్ డార్ట్‌లు ముందు చక్రాలు ఎత్తుకుని పోయే ఫొటోలు నువ్వు చూసే ఉంటావు.

హెమీ అండర్ గ్లాస్ సంగతి వేరు. అది 1965లో హర్స్ట్ వాళ్లు చేయించిన ప్లిమత్ బరాకుడా, 426 హెమీ ఇంజన్‌ను ముందు నుంచి తీసి వెనక పెద్ద అద్దం కింద పెట్టారు, పేరు అందుకే. బాబ్ రిగిల్ ఏళ్ల తరబడి దాన్ని నడిపాడు. అదే కాలంలో బిల్ గోల్డెన్ నడిపిన లిటిల్ రెడ్ వ్యాగన్ అనే డాడ్జ్ పికప్‌లో కూడా ఇంజన్ క్యాబిన్ వెనక ఉండేది. మన ఎద్దుల బండిలో బస్తాలన్నీ వెనక్కు వేస్తే కాడి పైకి లేస్తుంది చూడు, అదే పని. అలాంటి బళ్లు గాల్లో ఉన్నప్పుడు స్టీరింగ్ పనిచేయదు, ఎడమ, కుడి వెనక బ్రేకులు విడివిడిగా పట్టి దారి తిప్పుతారు. అవి ప్రదర్శన బళ్లు, మీ షెవెల్ లాంటి వాటికి ఆ దారి పనికిరాదు.

ప్రశ్న: మా స్విఫ్ట్‌ను ఇలా లేపొచ్చా? - శ్రీకాళహస్తి

జవాబు: లేవదు. లాగేది ముందు చక్రాలే. బరువు వెనక్కు జరిగేకొద్దీ లాగే చక్రాలకు పట్టు తగ్గుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి రాత్రి పూట స్నేహితులతో కలిసి రేణిగుంట వైపు రోడ్డు మీద బైకు ముందు చక్రం లేపుతున్నాడని తెలిసింది. చెప్తే వినడం లేదు. నిద్ర పట్టడం లేదండి. - తిరుచానూరు నుంచి ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ టెన్షన్ న్యాయమైనదే. పైన నేను చెప్పిన పని అంతా కంచె కట్టిన ట్రాక్ మీద, జిగురు వేసిన నేల మీద, అంబులెన్స్ పక్కన ఉండగా జరిగేది. కొండకు వచ్చే బస్సులూ నడిచి వచ్చే భక్తులూ ఉండే రోడ్డు మీద అది చేయడం వేరొకరి ప్రాణంతో ఆడటం. రోడ్డు మీద పందెం పెడితే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద జైలు, జరిమానా రెండూ పడొచ్చు, కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టమొచ్చినట్టు మార్చడం 52వ సెక్షన్‌కు విరుద్ధం. అబ్బాయికి ఇది బెదిరింపుగా చెప్పకండి. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో రేస్ ట్రాక్ ఉంది, తిరుపతి నుంచి పొద్దున బయల్దేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. అక్కడ డ్రాగ్ పోటీలు జరిగినప్పుడు ఒకసారి తీసుకెళ్లండి. లైనులోకి పోయే ముందు ప్రతి బండినీ అక్కడ ఎలా పరీక్షిస్తారో, హెల్మెట్, జాకెట్ లేనివాణ్ని ఎలా వెనక్కు పంపుతారో వాడి కళ్లతో చూడనివ్వండి.

ప్రశ్న: మా నాన్నగారి కాంటెస్సా క్లాసిక్ పదిహేనేళ్లుగా చిత్తూరులో మా షెడ్డులో ఉంది. అది కూడా వెనక చక్రాల బండే కదా, దానితో వీలీ చేయించాలని ఉంది సార్.

జవాబు: బాబూ, వద్దు. ఆ బండిలో ఉన్నది 1.8 లీటర్ల ఇసుజు ఇంజన్, పవర్ వంద హార్స్‌పవర్‌కు లోపే. దానితో చక్రం లేపాలంటే ఇంజన్, గేర్‌బాక్స్, హౌసింగు, ఆఖరికి బాడీ కింది ఇనుము కూడా మార్చాలి, అన్నీ మార్చాక అందులో నాన్నగారి బండి మిగలదు. విడిభాగాలే దొరకని ఈ రోజుల్లో పూర్తిగా ఉన్న కాంటెస్సాను కోయడం నాకు బాధగా ఉంటుంది. దాన్ని మళ్లీ రోడ్డు మీదికి తెచ్చే పని మొదలుపెట్టు, నేను దగ్గరుండి చెప్తాను. ఈ ఆదివారం పెట్రోల్ ట్యాంకు దించి లోపల తుప్పు చూడు, పాత పెట్రోల్ పారబోయి. స్టార్టర్ కొట్టొద్దు. ప్లగ్గులు నాలుగూ తీసి ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ పోసి, ఒక రోజంతా వదిలేసి, మర్నాడు క్రాంక్ పుల్లీకి స్పానర్ పెట్టి చేత్తో మెల్లగా తిప్పు. తిరిగితే నాకు రాయి, తర్వాత బ్రేకులు చూద్దాం.