సాకెట్ నంబరు అందింది, సాకెట్ అందలేదు

ప్రశ్న: పైథాన్‌లో చిన్న సర్వర్ రాశాను. నాలుగు వర్కర్ ప్రాసెస్‌లూ (పని పంచుకునే ప్రోగ్రామ్ కాపీలు) 8080 పోర్టులోనే రిక్వెస్టులు తీసుకోవాలి. ఎవరికి వారు పోర్టు తెరవబోతే ‘అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్’ ఎర్రర్ వస్తోంది. అందుకని వర్కర్లను మొదలుపెట్టే పేరెంట్ ప్రాసెస్‌లో సాకెట్ (పోర్టులో కనెక్షన్లు అందుకునే ద్వారం) తెరిచి, దాని ఫైల్ డిస్క్రిప్టర్ నంబరును ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (కొత్త ప్రాసెస్‌కు పేరుతో అందే విలువ) పెట్టి, సబ్‌ప్రాసెస్ మాడ్యూల్‌తో వర్కర్లను మొదలుపెడుతున్నాను. ఇప్పుడేమో ‘బ్యాడ్ ఫైల్ డిస్క్రిప్టర్’ అంటోంది. నంబరు సరిగ్గానే చేరుతోంది, ప్రింట్ చేసి చూశాను. తప్పెక్కడ?

జవాబు: మీ పద్ధతి సరైనదే. కొత్త వెర్షన్‌కు మారేటప్పుడు ఎంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ కూడా తన సాకెట్ల నంబర్లను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లోనే పెట్టి కొత్త ప్రాసెస్‌కు ఇస్తుంది. కాకపోతే మీ దగ్గర నంబరు వెళ్లింది, సాకెట్ వెళ్లలేదు.

ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్ దగ్గర ఒక్కో ప్రాసెస్‌కూ ఒక డిస్క్రిప్టర్ల పట్టిక ఉంటుంది. 5 అంటే ఆ పట్టికలో ఐదో నంబరు గడి, అంతే. పేరెంట్ పట్టికలో ఆ గడిలో సాకెట్ ఉంది, వర్కర్ పట్టికలో అది ఖాళీ. ఫోర్క్ (ప్రాసెస్ తన నకలు తీసుకోవడం) జరిగినప్పుడు పట్టిక మొత్తం నకలు అవుతుంది కానీ, ఎగ్జెక్‌తో కొత్త ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు ‘క్లోజ్ ఆన్ ఎగ్జెక్’ అనే గుర్తు ఉన్న డిస్క్రిప్టర్లన్నీ మూసుకుపోతాయి. పైథాన్ 3.4 నుంచి, తెరిచే ప్రతి సాకెట్‌కూ ఈ గుర్తు దానంతటదే పడుతుంది. పైగా సబ్‌ప్రాసెస్ మాడ్యూల్ 0, 1, 2 (ఇన్‌పుట్, అవుట్‌పుట్, ఎర్రర్) తప్ప మిగతావన్నీ మూసేస్తుంది. చిరాకు పుట్టించినా ఇది మంచి ఏర్పాటే. లేకపోతే మీ సర్వర్ నడిపే ప్రతి చిన్న కమాండూ పోర్టును పట్టుకుని కూర్చునేది.

కాబట్టి వర్కర్‌ను మొదలుపెట్టే పోపెన్‌కు పాస్_ఎఫ్‌డీఎస్ అనే ఆర్గ్యుమెంట్‌లో ఆ నంబరు ఇవ్వండి. అదే గడిలో, అదే నంబరుతో సాకెట్ వర్కర్‌కు చేరుతుంది. పోర్టును పట్టుకునే బైండ్, వినడం మొదలుపెట్టే లిజన్ వర్కర్‌లో మళ్లీ పిలవకండి. ఫైల్‌నో ఆర్గ్యుమెంట్‌తో సాకెట్ ఆబ్జెక్ట్ తయారుచేసి వచ్చిన కనెక్షన్‌ను నేరుగా యాక్సెప్ట్ చేయండి. సాకెట్ అడ్రస్ రకం ఐపీవీ4, ఐపీవీ6లలో ఏదో పైథాన్ 3.7 నుంచి అదే కనిపెట్టుకుంటుంది.

ఇక్కడితో పని నడుస్తుంది. అసలు టెన్షన్ పెట్టే సంగతులు దీని తర్వాతే ఉన్నాయి.

ఆ వేరియబుల్ వర్కర్ నడిపే ప్రోగ్రామ్‌లకు కూడా వారసత్వంగా పోతుంది. వాటి దగ్గర 5 అంటే ఇంకేదో ఫైల్ కావచ్చు. లినక్స్‌లో సర్వీసులను మొదలుపెట్టే సిస్టమ్‌డీ ఇందుకే, ఎన్ని సాకెట్లు ఇచ్చిందో చెప్పే లిజన్_ఎఫ్‌డీఎస్‌తో పాటు లిజన్_పిడ్ కూడా పంపుతుంది. అందులోని పిడ్ (ప్రాసెస్ నంబరు) తనది కాకపోతే ప్రోగ్రామ్ ఆ నంబర్లను పట్టించుకోకూడదు. మీ మటుకు, చదివిన వెంటనే వేరియబుల్‌ను తీసేస్తే చాలు.

ఇంకొకటి, చాలామంది గమనించనిది. నంబర్లు వేరైనా అందరి చేతిలో ఉన్నది ఒకే సాకెట్. ఒక వర్కర్ దాన్ని నాన్‌బ్లాకింగ్‌కు (కనెక్షన్ లేకపోతే ఆగకుండా వెంటనే తిరిగివచ్చే పద్ధతి) మారిస్తే అందరికీ మారుతుంది. లినక్స్‌లో ఒక వర్కర్ షట్‌డౌన్ పిలిచిందంటే మిగతావాళ్లకూ కొత్త కనెక్షన్లు ఆగిపోతాయి. తప్పుకోదలచిన వర్కర్ క్లోజ్ మాత్రమే పిలవాలి. వర్కర్ల మధ్య పని సమానంగా పంచుకుంటుందని కూడా ఆశించకండి. క్యూ ఒకటే, ఎవరు ముందు యాక్సెప్ట్ చేస్తే వారిదే కనెక్షన్.

ప్రశ్న: ఇంత తతంగం లేకుండా ఒకే పోర్టును పలు సాకెట్లు తెరవనిచ్చే రీయూజ్‌పోర్ట్ ఆప్షన్ పెట్టుకుంటే సరిపోదా?

జవాబు: లినక్స్ 3.9 నుంచి ఆ వీలుంది. అప్పుడు ఒక్కో వర్కర్‌కూ సొంత క్యూ ఉంటుంది, లోడ్ కాస్త సమంగా పడుతుంది. కానీ మామూలుగా, ఒక వర్కర్ చచ్చిపోతే దాని క్యూలో నిలబడ్డ కనెక్షన్లూ దానితోనే పోతాయి. ఉమ్మడి సాకెట్ అయితే వాటిని పక్క వర్కర్ తీసుకుంటుంది. తరచూ రీస్టార్ట్ చేసే సర్వర్‌కు నా ఓటు ఉమ్మడి సాకెట్‌కే. 80 లాంటి 1024 లోపు పోర్టులకూ ఇదే నయం. పేరెంట్ రూట్ హక్కులతో తెరిచి ఇస్తే, వర్కర్లు ఏ హక్కులూ లేకుండా నడవొచ్చు.

విండోస్‌లో మాత్రం ఈ పాస్_ఎఫ్‌డీఎస్ పద్ధతి లేదు. అక్కడ సాకెట్ ఆబ్జెక్ట్‌లోని షేర్ ఫంక్షన్‌కు వర్కర్ పిడ్ ఇస్తే కొన్ని బైట్లు వస్తాయి. పిడ్ తెలియాలంటే వర్కర్ ముందే మొదలై ఉండాలి కదా, అందుకని ఆ బైట్లను ఎన్విరాన్‌మెంట్‌లో కాకుండా పైపు (రెండు ప్రాసెస్‌ల మధ్య డేటా గొట్టం) లాంటి మరో దారిలో పంపాలి.